చెయ్యి లేచి ఆగినప్పుడు

(గుంటూరు బ్రాడీపేటలో, కొట్టే, కొరికే పిల్లల తల్లిదండ్రుల కోసం, అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యల కోసం ఏర్పాటైన సాయంత్రపు సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండి, ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లకి ఒక్క మాట. వాళ్లు అరుస్తున్నారనీ, కుర్చీలు తోస్తున్నారనీ బయటికి తీసుకుపోవద్దు. ఈ మీటింగు పెట్టుకున్నదే వాళ్ల కోసం. పడితే కుర్చీ పడుతుంది, మళ్లీ లేపుకుందాం.

నేను డాక్టర్ని కాను. ఈ జిల్లాలో జడ్పీ హైస్కూళ్లలో 31 ఏళ్లు బయలాజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. పట్టాభిపురంలో ఉంటాం. ఈ రోజు మాత్రం ఒక పిల్లాడి నాయనమ్మగా వచ్చాను. వాడికిప్పుడు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. వాణ్ని అడిగే వచ్చాను. "చెప్పు నాయనమ్మా, నా పేరు మాత్రం చెప్పకు" అన్నాడు. అందుకని చెప్పను.

ఇదిగో, ఈ కనుబొమ పైన గీత, ముందు వరుసలో వాళ్లకి కనబడుతుంది. స్టీలు గ్లాసు దెబ్బ. వాడికి నాలుగేళ్లు నిండిన కొత్తల్లో, సాయంత్రం పాలు కలిపిచ్చి టీవీ కట్టేశాను. గ్లాసు వచ్చి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. రక్తం చూసి నాకంటే వాడు ఎక్కువ బెదిరిపోయాడు. బీరువా పక్కన సందులో దూరి, రెండు చేతులతో చెవులు మూసుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ నా చుట్టూ మూగారు. వాడు ఆ సందులో ఎంతసేపున్నాడో ఇవాళ్టికీ మాలో ఎవరికీ తెలియదు. కుట్లు వేయించుకుని ఇంటికొచ్చేసరికి అక్కడే నిద్రపోయి ఉన్నాడు.

అప్పటికే ఏడాది నుంచి నడుస్తోందిది. కొరకడం, జుట్టు పట్టి లాగడం, చేతిలో ఏది ఉంటే అది విసరడం. చెల్లెలికి అప్పుడు ఏడాదిన్నర. దాన్ని వాడి పక్కన నేల మీద కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. ఒక స్కూల్లో మూడు నెలలు, ఇంకో స్కూల్లో అయిదు వారాలు. ఆ రెండో స్కూల్లో వాణ్ని ఆయా గదిలో ఒంటరిగా కూర్చోబెట్టేవారట, మాకు తర్వాత తెలిసింది.

మేం ఏం చేశాం? దిష్టి తీశాం. తాయెత్తు కట్టించాం. పెదకాకాని వెళ్లి పూజ చేయించాం. దేవుడి దగ్గరికి వెళ్లినందుకు నేను చింతించడం లేదు, ఇప్పుడూ వెళ్తాను. వెళ్లొచ్చి ఇక తగ్గిపోతుందిలే అని చేతులు కట్టుకుని కూర్చున్నామే, అందుకు చింతిస్తున్నాను. ఇక మాటలు. "అంతా వాళ్ల మేనమామ పోలిక" అన్నాను. "నువ్వు ఉద్యోగానికి పోబట్టే పిల్లాడిట్లా అయ్యాడు" అని మా కోడలితో అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ అమ్మాయి బ్యాంకు నుంచి ఏడింటికొచ్చి, చెప్పులు విప్పకముందే నా చేత ఆ మాట పడేది. తను ఇవాళ ఈ హాల్లోనే ఉంది. తన ముందరే చెప్పాలని చెబుతున్నాను.

సైన్స్ చెప్పినదాన్ని కాబట్టి ఒక సంగతి ముందు చెబుతాను. పిల్లలు కొట్టడం ఎక్కడో నేర్చుకుని వస్తారనుకుంటాం. టీవీ చూసి, పక్కింటి పిల్లల్ని చూసి. కెనడాలో రిచర్డ్ ట్రాంబ్లే అనే శాస్త్రవేత్త చంటిపిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూశాడు. మనిషి జీవితంలో అన్నిటికంటే ఎక్కువ కొట్టేదీ, తోసేదీ, కొరికేదీ సుమారు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య. ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, కొట్టకుండా ఉండటమే నేర్చుకోవాలి. కాబట్టి రెండేళ్ల పిల్లాడు కొరికాడని హడలిపోకండి. నాలుగు, అయిదు దాటినా తగ్గకపోతే, రోజూ పదేపదే జరుగుతుంటే, ఎవరికో ఒకరికి దెబ్బలు తగులుతుంటే, ఇంట్లోనూ బళ్లోనూ అదే గొడవైతే, అప్పుడు చూపించాలి. ఇంకోటి. అప్పటిదాకా బాగానే ఉన్న పిల్లాడు ఉన్నట్టుండి మారిపోతే ఆలస్యం చేయొద్దు. చెవిపోటో, పన్నుపోటో, ఫిట్సో, ఎవరైనా వాణ్ని ఏమైనా చేశారో, అన్నీ చూడాలి.

గ్లాసు దెబ్బ తగిలిన వారానికి పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. వాడేం విసిరాడు, ఎవర్ని కొట్టాడు అని అడుగుతారనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వీడు నిద్రలో నోరు తెరుస్తాడా, గురక పెడతాడా?" అని. అవునండీ, తాతయ్య పోలిక అని మురిసిపోయేవాళ్లం ఆ గురకకి. వెంటనే ఈఎన్‌టీ దగ్గరికి పంపారు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండలు పెరిగి ఉన్నాయి, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. అంటే పిల్లాడు రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవడం లేదు, పగలు మన మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు వింటున్నాడు. నాలుగేళ్లొచ్చినా రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోవడానికి అదొక కారణం. "చెబితే వినడు" అని ఊరంతా చెప్పుకున్నాం మేము. నిజంగానే వినపడటం లేదు వాడికి.

ఆపరేషన్ అయింది. నిద్ర బాగుపడింది, మాటలు పెరిగాయి. కొట్టడం కొంత తగ్గింది, పోలేదు. డాక్టరుగారు ముందే చెప్పారు, ఒకటే కారణం ఉండదని. నెమ్మది మీద ఏడీహెచ్‌డీ అని తేల్చారు. అంటే ఒక చోట మనసు నిలవదు, ఒళ్లు నిలవదు, అనిపించడానికీ చేసెయ్యడానికీ మధ్య ఎడం ఉండదు.

మందు రాస్తారేమోనని నేను చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, రాస్తే లేచి వచ్చేద్దామని. ఆయన రాయలేదు. ఆరేళ్లు నిండని పిల్లలకి మొదటి వైద్యం పెద్దవాళ్లకి శిక్షణే అన్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వాళ్ల మార్గదర్శకాలూ అదే చెబుతాయి: నాలుగు, అయిదేళ్ల వయసులో ముందు తల్లిదండ్రులకి బిహేవియర్ థెరపీ శిక్షణ, అది సరిపోకపోతేనే మందు. "ఇంట్లో పిల్లాడితో ఎక్కువసేపు ఎవరుంటారు?" అని అడిగారు. నేనే అన్నాను. "అయితే శిక్షణకి రావలసింది మీరే టీచరుగారూ" అన్నారు.

అక్కడ సైకాలజిస్టు అమ్మాయి ఒకామె ఉండేది. మొదటి రోజు ఆమె నా చేత లాంగ్ నోట్‌బుక్కు కొనిపించింది. ఇదే అది, అట్ట చిరిగిపోయింది. ప్రతి పేజీలో మూడు గళ్లు గీయమంది. మొదటి గడిలో అంతకు ముందు ఏం జరిగింది, రెండో గడిలో వాడేం చేశాడు, మూడో గడిలో మనం ఏం చేశాం. ఆ మూడో గడి నింపడానికి నాకు చెయ్యి రాలేదు. రెండు రోజులు ఖాళీగా వదిలేశాను. తర్వాత రాశాను. చదువుతాను వినండి.

"సాయంత్రం 6:10. టీవీ కట్టేశాం. రిమోటు విసిరాడు. తాతయ్య మళ్లీ టీవీ పెట్టారు."

"6:40. చెల్లి వాడి కారు ముట్టుకుంది. జుట్టు పట్టి లాగాడు. వీపు మీద రెండు వేశాం. ఏడుస్తుంటే నేను సెల్లు ఇచ్చాను."

"7:15. అన్నం కలిపి నోట్లో పెట్టబోయాను. వేలు కొరికాడు. అన్నం తీసేసి బిస్కెట్లు పెట్టాను."

మూడు వారాలు రాశాక ఆ అమ్మాయి నోట్‌బుక్కు నా వైపు తిప్పి, మీరే చూసి చెప్పండి అంది. చూశాను. గొడవలు చాలావరకు ఆరింటికీ ఏడున్నరకీ మధ్యే. మధ్యాహ్నం పన్నెండింటికి తిన్న పిల్లాడు, రాత్రి అన్నం దాకా సరైన తిండి లేదు. అయిదింటికే పెరుగన్నం పెట్టడం మొదలుపెట్టాం. దాంతోనే చాలా చల్లబడ్డాడు. ఏ థెరపీ అక్కర్లేకుండా తగ్గిన భాగం అది. ఇక మూడో గడి కిందికి చదువుకుంటూ వెళ్తే, కొట్టిన ప్రతిసారీ చివరికి వాడికి కావలసింది వాడి చేతికొచ్చింది. మధ్యలో రెండు దెబ్బలు పడ్డాయంతే.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు ఇళ్లలో కూర్చుని మరీ దీన్ని గమనించాడు. పిల్లాడు అరుస్తాడు, పెద్దవాళ్లు ఇస్తారు, అరుపు ఆగుతుంది. అరిస్తే దొరుకుతుందని పిల్లాడికి అర్థమవుతుంది. ఇస్తే ఆగుతుందని పెద్దవాళ్లకి అర్థమవుతుంది. ఇద్దరూ ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్నారు. రేపు ఇంకొంచెం గట్టిగా అరుస్తాడు. మనం ఇంకొంచెం గట్టిగా కొడతాం, లేదా ఇంకొంచెం తొందరగా ఇస్తాం. మా ఇంట్లో ఆ పాఠం పొద్దున్నా సాయంత్రం నడిచేది, టీచర్ని నేనే.

సరే, ఇక కొడితే సెల్లు ఇవ్వకూడదు అనుకున్నాం. ఆ అమ్మాయి హెచ్చరించింది, ఇవ్వడం ఆపగానే మొదట పెరుగుతుంది, తట్టుకోవాలి అని. పెరిగింది. గోడకి తల కొట్టుకునేవాడు, మెత్త అడ్డం పెట్టి పక్కన కూర్చునేదాన్ని. పది రోజులు నిలబడ్డాం. పదకొండో రోజు కరెంటు లేదు, ఉక్క, చెల్లికి జ్వరం, వాడి అరుపులకి కింది వాటావాళ్లు పైకొచ్చారు. ఇచ్చేశాను. వెళ్లి చెప్పుకున్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "రోజూ ఇవ్వడం కన్నా ఎప్పుడో ఒకసారి ఇవ్వడం వాణ్ని ఇంకా గట్టిగా కట్టేస్తుంది టీచరుగారూ. రోజూ దొరికేది ఒక రోజు దొరక్కపోతే ఊరుకుంటారు. లాటరీ టికెట్ కొనేవాళ్లు మాత్రం మానరు" అంది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుని. తాతయ్య, వాళ్ల నాన్న, పనిచేసే అమ్మాయి, ఆదివారం వచ్చే మా ఆడపడుచు కూడా. ఆ గుంపులో ఒక్కరు ఇచ్చినా అది లాటరీయే.

కానీ ఇవ్వకపోవడం ఒక్కటే థెరపీ కాదు. ఇది అందరూ మర్చిపోతారు. వాడికి ఇంకో దారి చూపించకుండా ఉన్న దారి మూసేస్తే ఏం చేస్తాడు? 1985లో కార్, డ్యూరండ్ అని ఇద్దరు పరిశోధకులు రాసిన పేపరు గురించి ఆ అమ్మాయి చెప్పింది. పిల్లాడు కొట్టి ఏం అడుగుతున్నాడో కనిపెట్టి, అదే అడగడానికి ఒక మాటో సైగో నేర్పితే కొట్టడం తగ్గుతుంది. మా వాడికి ముందు మాట రాదు కాబట్టి అట్టముక్కల మీద బొమ్మలు గీశాను. "చాలు" అంటే అరచెయ్యి బొమ్మ. "ఇంకాసేపు" అంటే గడియారం. "నాది" అంటే కారు. మొలతాడుకి తగిలించాం, ఎక్కడికి పోయినా వాడి దగ్గరే ఉండాలని. వాడు మొదటిసారి నా నోటి ముందు ఆ అరచెయ్యి బొమ్మ పెట్టింది అన్నం తినేటప్పుడు. ముద్ద అక్కడే ఆపేశాను. నిజానికి వాడి కడుపు నిండలేదు, ఇంకో రెండు ముద్దలు పెడదామని ప్రాణం లాగింది. పెట్టలేదు. చాలు అంటే ఆగుతారు అని వాడికి తెలియాలి కదా. ఆ రాత్రి వాడు ఎవర్నీ కొరకలేదు.

ఇంకొకటి ఆట. రోజూ అయిదు నిమిషాలు, వాడు చెప్పినట్టు ఆడాలి. ఆజ్ఞలు వద్దు, తప్పులు దిద్దొద్దు, ప్రశ్నలు వద్దు. వాడు చేసేది పైకి చెబుతూ, బాగున్నది బాగుందనాలి, అంతే. 1970ల్లో అమెరికాలో షీలా ఐబర్గ్ అనే సైకాలజిస్టు రూపొందించిన పద్ధతి. అక్కడ అద్దం వెనక థెరపిస్టు కూర్చుని, తల్లి చెవిలో పెట్టిన ఇయర్‌ఫోనులోంచి చెబుతారట. మాకు అద్దమూ లేదు, ఇయర్‌ఫోనూ లేదు. ఆ అమ్మాయి చాప మీద నా వెనక కూర్చుని చెవిలో చెప్పేది. లక్కపిడతలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను వెంటనే "ఇదే రంగు నాన్నా?" అన్నాను. వెనకనుంచి "ప్రశ్న వద్దు." "కాదు కాదు, మూత ఇట్లా పెట్టాలి." "దిద్దొద్దు." 31 ఏళ్లు నేను చేసిందే అడగడం, దిద్దడం. అవి తీసేస్తే పిల్లాడితో మాట్లాడటానికి నా దగ్గర మాట లేదు. అది తెలిసి ఆ చాప మీద నాకు ఏడుపొచ్చింది. చివరికి "పొయ్యి మీద గిన్నె పెట్టావు" అన్నాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. గిన్నెలోంచి ఏదో తీసినట్టు తీసి నా నోటి దగ్గర పెట్టాడు. కొరికే ఆ పిల్లాడు నాకు అన్నం తినిపించాడు.

చెప్పే పద్ధతి కూడా మార్చుకున్నాం. వంటింట్లోంచి కేకలు వేయకుండా దగ్గరికెళ్లి, వంగి, ఒకే ఒక్క పని, ఒకేసారి. "విసరకు" అంటే వాడి చెవిన పడేది విసరడమే. "గ్లాసు కింద పెట్టు" అనాలి. పెడితే "మంచివాడివి" అని వదిలేయకుండా "గ్లాసు కింద పెట్టావు, చాలా బాగుంది" అనాలి. కొడితే మూడు నిమిషాలు కుర్చీలో, ఎదురుగా మనం ఉంటూనే, తిట్టకుండా, ఉపన్యాసం లేకుండా. చెయ్యి చేసుకోవడం పూర్తిగా బంద్. కొట్టకూడదు అని కొట్టి చెబితే వాడికి ఏది అర్థమవుతుంది?

ఇక్కడ నా గుండెలో ఉన్న ఒక మాట చెప్పాలి. 31 ఏళ్లలో నా క్లాసుల్లో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారు! చివరి బెంచీలో, కాలు నిలవనివాళ్లు, పక్కవాణ్ని పొడిచేవాళ్లు. బెత్తంతో కొట్టాను. ఎండలో నిలబెట్టాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం వచ్చాక బెత్తం మానేశాను. నోరు మాత్రం మానలేదు. వాళ్ల పేర్లు కొన్ని గుర్తున్నాయి నాకు. ఈ హాల్లో టీచర్లున్నారు, మీ కోసం చెబుతున్నాను.

దాదాపు ఏడాదిన్నర ఈ శిక్షణ నడిచింది. ఇంట్లో బాగా తగ్గింది. బళ్లో తగ్గలేదు. ఇంట్లో ఒక పిల్లాడికి నలుగురం. అక్కడ నలభై మందికి ఒక టీచరు. ఆరేళ్లు నిండాక ఒక రోజు పెన్సిల్ కోసం పక్కపిల్లాడి బుగ్గ చీరాడు. కంటికి అంగుళం దూరంలో తప్పింది. అప్పుడు డాక్టరుగారు మందు మాట ఎత్తారు. మిథైల్‌ఫెనిడేట్.

నేను ఒప్పుకోలేదు. "పసివాడికి మత్తుమందు పోస్తారా" అని ఇంట్లో రెండు రోజులు అన్నం తినలేదు. ఆయన మళ్లీ పిలిపించి, ఓపిగ్గా గంటసేపు చెప్పారు. ఇది మత్తు కాదు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, ప్రవర్తన అదుపులో లేని 30 మంది పిల్లలకి ఈ రకానికి చెందిన బెంజెడ్రిన్ ఇస్తే, వారంలో 14 మంది చదువులో చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో తయారుచేశారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగంలో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పని కాస్త పెంచుతుంది. అక్కడే కదా ఆగడం, ఆలోచించడం జరిగేది. వేసుకున్న అరగంటకి అటూఇటూగా పని మొదలుపెట్టి, నాలుగు గంటల్లో దిగిపోతుంది. ఆకలి తగ్గిస్తుంది, నిద్ర చెడొచ్చు. అందుకని ఎత్తూ బరువూ, నాడీ, బీపీ చూస్తూ ఉండాలి. మొదలుపెట్టే ముందు, మీ వంశంలో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లున్నారా అని కూడా అడిగారు. మోతాదు ఎంతో నేను చెప్పను. ఒక పిల్లాడి మోతాదు ఇంకొక పిల్లాడికి పనికిరాదు.

మందు అన్ని షాపుల్లోనూ దొరకదు. అది షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే ప్రభుత్వం గట్టి అదుపులో ఉంచే మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి షాపువాళ్లు ఉంచుకుని రెండేళ్లు భద్రపరచాలి, దానికి వాళ్లకి వేరే లైసెన్సుండాలి. మా అబ్బాయి ఎండలో స్కూటరు మీద ఊరంతా తిరిగి తెచ్చాడు. అంత కట్టుదిట్టం చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కట్టుదిట్టం పిల్లల మంచికే.

మొదటి వారంలో జరిగింది చెబుతాను. క్లాస్ టీచరు ఫోన్ చేసి చెప్పింది. పక్కపిల్లాడు మా వాడి రబ్బరు తీసుకున్నాడు. మా వాడి చెయ్యి పైకి లేచింది. ఆమె పరుగెత్తబోయింది. చెయ్యి గాల్లో ఆగింది. అట్లాగే పెట్టుకుని, "నాది. ఇవ్వు" అన్నాడు. వాడిచ్చేశాడు. అంతే జరిగింది. ఫోన్లో ఆమె గొంతు వణికింది, నాదీ వణికింది.

చెయ్యి ఆగింది మందు వల్ల. ఆగిన చేతికి "నాది, ఇవ్వు" అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? మందుబిళ్లలో తెలుగు మాటలుండవు కదా. అది ఆ అట్టముక్కల్లోంచి, చాప మీద అయిదు నిమిషాల్లోంచి వచ్చింది. ఏడాదిన్నర మేం నేర్పింది వాడిలో ఉంది, వాడుకోవడానికి వాడికి వ్యవధి లేదు. మందు ఆ వ్యవధి ఇచ్చింది. ఉత్త మందు వేసి ఏమీ నేర్పకపోతే, ఆగిన చేతితో వాడు ఏం చెయ్యాలి చెప్పండి.

అంతా సాఫీగా పోలేదు. మోతాదు పెంచినప్పుడు ఒక పది రోజులు వాడు మా వాడిలాగే లేడు. మూలన కూర్చుని గోడకేసి చూసేవాడు. నెమ్మదిగా ఉన్నాడని సంతోషించొద్దు, అది ఎక్కువైందని గుర్తు. చెబితే తగ్గించారు. మందు దిగే వేళకి ఊరికే ఏడిచేవాడు. అదీ చెప్పాం, వేళలు మార్చారు. పొద్దున టిఫిన్ తిన్నాకే బిళ్ల. మధ్యాహ్నం డబ్బా సగం వెనక్కొచ్చేది, రాత్రి ముద్దపప్పూ నెయ్యీ వేసి ఆ లోటు తీర్చేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే నేను ఈ మీటింగుకి ఒప్పుకున్నాను.

మూడో నెలలో మా చుట్టాలావిడ ఒకరొచ్చి, పిల్లాడు చిక్కిపోయాడు, ఆ మందులు మెదడుని తినేస్తాయి అంది. పొద్దున కోడలూ అబ్బాయీ ఆఫీసులకి వెళ్లే హడావుడి, బిళ్ల వేసే పని నాది. తొమ్మిది రోజులు వెయ్యలేదు. తులసికోట మట్టిలో వేలితో గుంట చేసి పాతిపెట్టాను. వేశావా అత్తయ్యా అంటే వేశాను అన్నాను. బళ్లో మళ్లీ మొదలైంది. కోడలు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, నేనూ వెళ్లాను. ఆయన పుస్తకం చూసి, "ఈ మోతాదు సరిపోవడం లేదు, పెంచుదాం" అని కలం తీశారు. అప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. వెయ్యని మందు పనిచెయ్యలేదని, పిల్లాడికి ఎక్కువ మందు రాయబోతున్నారు. అక్కడే చెప్పేశాను. కోడలు నా వైపు చూడలేదు. డాక్టరుగారు కలం పక్కన పెట్టి, "మీకు భయమేస్తే నాకు చెప్పండి టీచరుగారూ, ఆపుదాం అంటే కలిసే ఆపుదాం. నాకు తెలియకుండా మాత్రం ఆపొద్దు" అన్నారు. దారిలో ఆటోలో కోడలు నా చెయ్యి పట్టుకుంది, మాట్లాడలేదు. ఇంటికెళ్లాక బిళ్లల డబ్బా మా అబ్బాయికి ఇవ్వబోతే, తనే తీసుకుని మళ్లీ నా చేతిలో పెట్టింది.

అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీరు మందు వద్దంటే వద్దనండి, డాక్టరు ఎదురుగా అనండి. దాచిపెట్టి మాత్రం ఆపకండి. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే ఒంటికి ప్రమాదం కూడా. క్లోనిడిన్ అని ఒకటి వాడతారు, అది హఠాత్తుగా ఆపితే బీపీ పెరుగుతుంది.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పిల్లల సంగతి కొంచెం వేరు. తీవ్రమైన కోపానికి, తమని తాము గాయపరచుకునేదానికి రిస్పెరిడోన్ రాస్తుంటారు. 2002లో అమెరికాలో 101 మంది ఆటిజం పిల్లల మీద పరీక్ష జరిగింది. ఎనిమిది వారాల్లో ఆ మందు తీసుకున్నవాళ్లలో 69 శాతం మందికి బాగా తగ్గింది, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 12 శాతానికే. 2006లో అక్కడ ప్రభుత్వం అయిదేళ్ల నుంచి 16 ఏళ్ల పిల్లలకి దీన్ని అనుమతించింది. 2009లో అరిపిప్రజోల్ అనే ఇంకో మందుని, ఆరేళ్ల నుంచి 17 ఏళ్లవాళ్లకి. ఇవి ఆటిజానికి మందులు కావు, ఆ కోపానికి మాత్రమే. రిస్పెరిడోన్ బరువు పెంచుతుంది, ఆ ఎనిమిది వారాల్లోనే సగటున 2.7 కిలోలు పెరిగారు. బరువు, షుగరు, కొలెస్ట్రాల్ చూస్తూ ఉండాలి. ఇంకో పరీక్ష, 2009లో వచ్చింది, 124 మంది పిల్లలు, 24 వారాలు. కొందరికి మందు ఒక్కటే, కొందరికి మందూ, తల్లిదండ్రులకి శిక్షణా. రెండూ కలిసినవాళ్లకి ఎక్కువ తగ్గింది, పైగా మందు మోతాదు తక్కువే సరిపోయింది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. మనం నేర్చుకున్న కొద్దీ పిల్లాడు మింగే మందు తగ్గుతుంది.

(సభలో ఒక తాతయ్య: "అమ్మా, జీవితాంతం వాడాలా? అలవాటైపోదూ?")

మా వాడికి ఏటా వేసవి సెలవుల్లో డాక్టరుగారే ఆపి చూస్తారు బాబాయ్‌గారూ. నిరుడు ఆపినప్పుడు నెల రోజులు నోట్‌బుక్కు మళ్లీ రాశాను. కొట్టడం లేదు. ఒక్కసారి తలుపు గట్టిగా వేశాడు, అంతే. బడి తెరిచాక లెక్కల క్లాసులో కూర్చోలేకపోయాడు, అందుకని బడి రోజుల్లో మళ్లీ మొదలుపెట్టారు, ఇదివరకటి కంటే తక్కువ మోతాదు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అలవాటు భయం తక్కువ అన్నారు. బిళ్లల డబ్బా మాత్రం పెద్దవాళ్ల దగ్గరే, తాళం వేసి ఉండాలి. జీవితాంతమా అంటే, ఏ ఏటికి ఆ ఏడు చూసుకోవడమే.

డబ్బు సంగతి అడుగుతారు. మన జీజీహెచ్‌లో, అదే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, సైకియాట్రీ విభాగం ఉంది, వెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక్క సంగతి మిగిలింది, మేము సరిగ్గా చెయ్యనిది. చెల్లెలు. అందరం వాడి చుట్టూ తిరిగాం. దాని జుట్టు పీకితే వాడి గడి నింపాం, దాని తల నిమరడం చాలాసార్లు మర్చిపోయాం. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి గబుక్కున పైకెత్తితే మెడ లోపలికి ముడుచుకుంటుంది. పదేళ్ల పిల్ల. ఇప్పుడు దాన్ని కూడా ఆ సైకాలజిస్టు అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తున్నాం. మీ ఇళ్లలో దెబ్బలు తినే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే వాళ్లకీ రోజుకి అయిదు నిమిషాలు పెట్టండి, ఇవాళే పెట్టండి.

మొన్న ఉగాదికి తలంటు పోస్తుంటే మా వాడు నా కనుబొమ మీద వేలు పెట్టి, "ఇది నేనేనా నాయనమ్మా?" అన్నాడు. కాదు, గుమ్మం తగిలింది అని చెప్పొచ్చు. "అవును నాన్నా, గ్లాసు విసిరావు. అప్పుడు నీకు మాట రాదు, చెవి సరిగ్గా వినపడదు" అన్నాను. కాసేపు ఊరుకుని, "నేనెక్కడున్నాను అప్పుడు?" అని అడిగాడు. బీరువా పక్కన సందు చూపించాను. ఒళ్లంతా నూనెతోనే వెళ్లి అందులో దూరబోయాడు. పట్టలేదు, భుజాలు అడ్డం వచ్చాయి.

నోట్‌బుక్కు ఈ బల్ల మీదే ఉంచుతాను, గళ్లు ఎట్లా గీయాలో చూసుకోండి, ఫోటో తీసుకోండి. అదుగో, చివరి వరుసలో పిల్లాణ్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతున్న అమ్మాయి ఉంది. మైకు ఆ అమ్మాయికి ఇవ్వండి. ఆ బాబుని ఇటు పంపమ్మా, నేను చూసుకుంటాను. నువ్వు నిదానంగా మాట్లాడు.